చలికి చావని క్రిములు: ప్రయోగశాలలో శీతల స్ప్రే డబ్బాలవలని ప్రమాదములు

ఆపరేషను బల్లపై రోగికి మత్తు ఇచ్చియున్నారు. మెడయందో, రొమ్మునందో గల గడ్డనుండి శస్త్రవైద్యుడు చిన్న తునకను కోసి, గిన్నెలో పెట్టి ప్రయోగశాలకు పంపెను. అది కేన్సరైనచో కోత పెద్దది కావలసియుండును. కానిచో అంతటితో కుట్లు వేసి ముగింపవచ్చును. సమాధానము వచ్చువరకు శస్త్రవైద్యుడు కత్తి దించి నిలుచును. మత్తు డాక్టరు రోగి నాడిని చూచుచుండును. వెలుపల బల్లపై బంధువులు కూర్చుండియుందురు. ఆ సమాధానము సుమారు 20 నిమిషములలో రావలెను.

ఈ 20 నిమిషముల పనికి ఫ్రోజెన్ సెక్షన్ అని పేరు. సాధారణముగా శరీరమునుండి తీసిన తునకను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనములో పోతపోసి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూతురు. అందుకు ఒకటి రెండు దినములు పట్టును. అంత వ్యవధి లేనపుడు మైనము చేయవలసిన పనిని చలిచేత చేయింతురు. పచ్చి తునక మెత్తగా ఉండి కత్తికి జారిపోవును. గడ్డకట్టిన పిమ్మట గట్టిపడి కత్తికి లొంగును. అపుడు దానిని 5 మైక్రానుల మందమున, అనగా తలవెండ్రుక మందములో పదవ వంతుకన్న పలుచగా, కోయవచ్చును.

ఈ విద్య కొత్తది కాదు. అమెరికాలోని మేయో ఆసుపత్రిలో లూయీ విల్సన్ అను వైద్యుడు 1905లో దీనిని నిత్యోపయోగమునకు తెచ్చెను. మిన్నెసోటా రాష్ట్రపు శీతకాలములో ఆయన తునకలను కిటికీ వెలుపల ఉంచి గడ్డకట్టించెనని చెప్పుదురు. మన దేశమున కిటికీ తెరచినచో వడగాలి వచ్చును గాని మంచు రాదు. నేడు ఈ పనికి క్రయోస్టాట్ అను యంత్రము కలదు. సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడు చలిని నిలుపు పెట్టెలో కోత కత్తిని అమర్చిన సాధనమిది. దాని పైభాగమున జరుగు అద్దపు తలుపు ఉండును. టెక్నీషియన్ ఆ తలుపు తెరచి, ముఖమును దానిపైకి వంచి పని చేయును.

ఈ యంత్రము ప్రక్కననే కొన్ని ప్రయోగశాలలలో ఒక చిన్న రేకు డబ్బా కనబడును. దోమల మందు డబ్బావలెనే దానికి పైన మీట ఉండును. నొక్కగనే తెల్లని పొగవంటి చలి తుంపర వెడలును. ఈ కరపత్రము ఆ డబ్బాను గురించినది.

డబ్బాలో నుండునదేమి?

ఇంజెక్షనుకు ముందు చేతికి స్పిరిటు రాచినపుడు ఆ చోటు చల్లబడుట అందరెఱిగినదే. వేసవిలో కుండనీరు చల్లబడుటకు కారణమును ఇదియే. ద్రవము ఆవిరియగునపుడు తన చుట్టునున్న వేడిని లాగికొని పోవును. స్ప్రే డబ్బాలో ఈ పని మిక్కిలి వేగముగ జరుగును. సాధారణ ఉష్ణమున వాయువుగ ఉండవలసిన పదార్థమును ఒత్తిడిచే ద్రవముగ మార్చి డబ్బాలో బంధింతురు. మీట నొక్కినంతనే అది బయటపడి, తగిలిన చోటి వేడిని పీల్చికొని ఆవిరియైపోవును.

పూర్వము ఇందుకు డైక్లోరోడైఫ్లోరోమీథేన్ వంటి వాయువులను వాడెడివారు. అవి ఆకాశమున ఓజోను పొరను హరించునని తేలినందున 1987లో మాంట్రియల్ నగరమున కుదిరిన ఒడంబడిక వానిని అరికట్టెను. వాని స్థానమున వచ్చిన టెట్రాఫ్లోరోఈథేన్ సున్నకు దిగువ 26 డిగ్రీలవద్దనే మరుగును. ఇది ఓజోనును చెరుపదు గాని, నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1300 రెట్లు అధికముగ భూమిని వేడెక్కించును. మరికొన్ని డబ్బాలలో డైమిథైల్ ఈథరు, ప్రొపేను, బ్యూటేను ఉండును. ఈ మూడును అంటుకొను వాయువులే. వంటగ్యాసు సిలిండరులో ఉండునవి ప్రొపేను, బ్యూటేనులేయని తెలిసికొన్నచో పాఠకులకు సంగతి బోధపడును.

టెక్నీషియన్ దీనిని ఏల చేతబట్టును? అజ్ఞానముచే ననుట న్యాయము కాదు. తునక నెమ్మదిగ గడ్డకట్టినచో దానిలోని నీరు పెద్ద పెద్ద మంచు పలుకులుగ పేరుకొని కణములను చీల్చును. సూక్ష్మదర్శినిలో జల్లెడవలె చిల్లులు కనబడును. కావున త్వరగా గడ్డకట్టింపవలెను. క్రొవ్వు అధికముగ గల రొమ్ము తునకలు 20 డిగ్రీల చలికి లొంగవు. అంతకంటె ఎక్కువ చలి కావలెను. వేసవిలో తలుపు పదే పదే తెరచుటచే యంత్రములోని చలి తగ్గును. ఇంతలో శస్త్రచికిత్సా మందిరమునుండి టెలిఫోను మ్రోగును. చేతికందిన డబ్బాను ఒక్కమారు నొక్కినచో అర నిమిషము కలిసివచ్చును. ఆ అర నిమిషమునకు చెల్లించు వెల ఏమో చూడవలసియున్నది.

చలి క్రిములను చంపదు

గడ్డకట్టినది నిర్దోషమను భ్రమ పలువురిలో కలదు. మంచు శుభ్రతకు గుర్తువలె కనబడుటయే దీనికి కారణము కావచ్చును. కాని క్రిములను చంపుట మాట అటుంచి, వానిని ఏండ్లతరబడి సజీవముగ దాచుటకే ప్రయోగశాలలు సున్నకు దిగువ 80 డిగ్రీల చలిని ఉపయోగించుచున్నవి. క్షయ క్రిమి గడ్డకట్టిన తునకలో బ్రతికియే యుండును. పచ్చకామెరలను కలిగించు హెపటైటిస్ బి, సి వైరసులును, ఎయిడ్సు కారకమగు హెచ్.ఐ.వి.యును అట్లే. ఫార్మలిన్‌లో నానిన తునకలో క్రిములు చాలవరకు చచ్చును. ఫ్రోజెన్ సెక్షన్‌కు వచ్చు తునక ఫార్మలిన్ ముఖమెఱుగనిది.

ఇట్టి పచ్చి తునకపై ఒత్తిడితో కూడిన వాయువును చిమ్మినపుడు జరుగునదేమి? కళ్ళమందు ధాన్యమును తూర్పారబట్టు విధమును తలచుకొనవలెను. గింజలు బరువుచే దగ్గరనే రాలును. పొట్టు గాలిలో తేలి దూరముగ పోవును. తునకపై తడిగానున్న రక్తమును, రసియు వాయువు తాకిడికి తుంపరలై చెదరును. పెద్ద తుంపరలు పెట్టె గోడలపై పడును; కొన్ని టెక్నీషియన్ కన్నులలోను, పెదవులపైనను పడవచ్చును. మిక్కిలి సన్ననివి గాలిలో తేలును. తడి ఆరిపోగా 1 నుండి 5 మైక్రానుల రేణువులు మిగులును. కిటికీ సందునుండి వచ్చు ఎండలో తేలాడు నలుసులవలె ఇవి గంటలకొలది గదిలో తిరుగుచుండును. ముక్కు వెండ్రుకలు గాని, గొంతులోని జిగురు గాని వీనిని ఆపజాలవు. ఇవి ఊపిరితిత్తుల చివరి గదులవరకు పోగలవు. క్షయ క్రిమి కోరుకొను స్థానము అదియే. అంతేగాక, అంతకుముందు ఇతర రోగుల తునకలను కోసినపుడు పెట్టె అడుగున రాలిన పొడిని సైతము ఆ వాయువు లేపును.

క్షయ ఇట్లు గాలిమూలమున సోకునని తేల్చుటకు చాలకాలము పట్టెను. అమెరికాలోని బాల్టిమోర్ నగరమున విలియం వెల్స్, రిచర్డ్ రైలీ అను శాస్త్రజ్ఞులు 1950ల చివరిభాగమున ఒక పరీక్ష చేసిరి. క్షయ వార్డునుండి వెడలు గాలిని గొట్టములద్వారా మేడపైనున్న గినీ పందుల గదికి పంపిరి. ఆ జంతువులు రోగులను చూడలేదు, తాకలేదు. వారు విడిచిన గాలిని మాత్రము పీల్చెను. వానిలో కొన్నింటికి క్షయ సోకెను. ప్రయోగశాలలో దగ్గు రోగి ఉండడు. కాని స్ప్రే డబ్బా ఆ దగ్గు చేయు పనినే చేయును. ఫ్రోజెన్ సెక్షనులను తయారు చేయుటవలన క్షయ సోకిన సంగతి 1981లోనే ఒక అమెరికా వైద్య పత్రికలో ప్రకటితమైనది. ఘనీభవన ఖండములకు ఒత్తిడితో కూడిన స్ప్రేలను వాడరాదని అమెరికా వ్యాధి నివారణ కేంద్రమువారు 2012లో ప్రకటించిన ప్రయోగశాలా సూచనలలో గలదు.

మన దేశమునకు ఈ విషయము మరింత ముఖ్యము. ప్రపంచములోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశమందే కలరు. క్షయ ఊపిరితిత్తులకే పరిమితము కాదు. మెడ గ్రంథులు వాచి మాలవలె వరుసగ కట్టు గండమాల మన పల్లెలలో ఎప్పటినుండియో తెలిసిన వ్యాధి. అదియు చాలవరకు క్షయయే. మెడలోని గడ్డ చూపునకు కేన్సరువలె ఉండవచ్చును. కేన్సరను అనుమానముతో తునక ప్రయోగశాలకు వచ్చును. టెక్నీషియన్ స్ప్రే కొట్టి, కోసి, రంగు వేసి, పేథాలజిస్టు చేతికిచ్చును. ఆయన సూక్ష్మదర్శినిలో చూచి, కేన్సరు కాదు, జున్నువలె మెత్తబడిన క్షయ గడ్డ అని చెప్పును. రోగికి అది శుభవార్త, మందులతో నయమగును. కాని అప్పటికే స్ప్రే కొట్టుట అయిపోయినది! ఏది ప్రమాదకరమైన తునకయో కోసిన తరువాతనే తెలియును. కావుననే క్షయ తునకలకు మాత్రము స్ప్రే వాడకున్న చాలుననువారి వాదము నిలువదు.

సోకిన వెంటనే వ్యాధి బయటపడవలెనను నియమము లేదు. క్షయ క్రిమి ప్రవేశించినవారిలో నూటికి 5 నుండి 10 మందికి మాత్రమే జీవితకాలములో వ్యాధి పైకి వచ్చును. అదియు నెలలకో, ఏండ్లకో కావచ్చును. అందుచే దగ్గు పట్టిన టెక్నీషియన్‌కు తన వ్యాధికిని, ఏనాడో నొక్కిన మీటకును సంబంధము తోచదు. ఈ ప్రమాదము లెక్కలలో కనబడకుండుటకు ఇది యొక కారణము.

తక్కిన ప్రమాదములు

చర్మముపై పడిన చలి ద్రవము నిప్పువలెనే కాల్చును. డబ్బాను తలక్రిందుగ పట్టినచో వాయువునకు మారు ద్రవమే కారును. అపుడు హాని ఎక్కువ. చేతి తొడుగు సందులలో చిక్కిన ద్రవము వ్రేలిని పొక్కించును. కంటిలో పడినచో నల్లగ్రుడ్డుపై పొర చెడవచ్చును. ఇట్లు జరిగినపుడు ఆ చోటును రుద్దరాదు. పసుపు, నెయ్యి, దంతధావన చూర్ణము పూయరాదు. చేతికి వెచ్చగ తోచు నీటిలో, అనగా 37 నుండి 39 డిగ్రీల నీటిలో, ఉంచవలెను. కంటిని గోరువెచ్చని పరిశుభ్రమైన నీటితో ధారగ కడిగి వెంటనే వైద్యునికి చూపవలెను.

ఈ వాయువులు గాలికంటె బరువైనవి. టెట్రాఫ్లోరోఈథేన్ ఆవిరి గాలికి సుమారు మూడున్నర రెట్లు బరువుండును. గాలి మార్పులేని చిన్న గదిలో పదే పదే చిమ్మినచో అది క్రింద పేరుకొని ప్రాణవాయువును త్రోసివేయును. తల తిరుగుట దాని మొదటి గుర్తు. అధికముగ పీల్చినపుడు ఇట్టి వాయువులు గుండె లయను చెరుపును. ఉద్రేకముచే అడ్రినలిన్ ఉప్పొంగియున్న గుండె మరింత త్వరగ లోబడును. తల తిరిగినవానిని మెల్లగ గాలిలోనికి తీసికొనిపోవలెను, పరుగెత్తింపరాదు.

అగ్ని సంగతి. క్రయోస్టాట్‌లో మోటారు, విద్యుత్తు మీటలు ఉన్నవి. అంటుకొను వాయువు ఆ పెట్టెలో పేరుకొన్నచో ఒక్క రవ్వ చాలును. ప్రక్క బల్లపై రంగు వేయుటకై ఆల్కహాలు, జైలీను పాత్రలు తెరచియుండుట వాడుక. అంటుకొనవని పేరుగాంచిన ఫ్లోరిన్ వాయువులు సైతము స్పిరిటు దీపపు మంటలో పడినచో విషవాయువులుగ విడిపోవును.

డబ్బా 50 డిగ్రీలకంటె ఎక్కువ వేడికి గురికారాదు. మే మాసపు ఎండలో తలుపులు మూసి నిలిపిన మోటారుకారు లోపల అంతకు మించిన వేడి పుట్టుట అరుదు కాదు. సరుకు తెచ్చు వారు దీనిని గమనింపవలెను. ఖాళీ డబ్బాయని తోచినదానిలో కూడ కొంత వాయువు ఒత్తిడితో మిగిలియుండును. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నిబంధనల ప్రకారము శరీర భాగములను వేయు పసుపు సంచి కొలిమిలో కాల్చుటకు పోవును. దానిలో పొరపాటున పడిన డబ్బా కొలిమియొద్దనున్న కార్మికుని ఎదుట ప్రేలును. దానిని వేరుగ ఉంచి, అపాయకరమైన వ్యర్థములను తీసికొను వారికే అప్పగింపవలెను.

స్ప్రే లేక పని సాగునా?

సాగును, చక్కని ప్రయోగశాలలలో సాగుచున్నది. మొదటి ఉపాయము మిక్కిలి సులభమైనది. తునకను ఉంచు లోహపు బిళ్లలను ఉదయమే క్రయోస్టాట్‌లో వేసి చల్లబరచి యుంచవలెను. తునకపై జిగురు ద్రావణము పోసిన తరువాత, అదే పెట్టెలో చల్లబడియున్న లోహపు దిమ్మను దానిపై మెల్లగ ఆనించవలెను. దిమ్మ తన బరువుననే వేడిని లాగికొనును. గట్టిగ అదిమినచో తునక నలుగును. ఒక రోగి తునకకు వాడిన దిమ్మను శుభ్రపరుపక మరొకరి తునకకు తాకింపరాదు. కణములు అంటుకొనివచ్చి ఒకరి కేన్సరు మరొకరి స్లైడుపై కనబడు ప్రమాదము కలదు.

కొత్త యంత్రములలో తునకను ఉంచు చోటు మాత్రము సున్నకు దిగువ 40, 50 డిగ్రీలకు విద్యుత్తుచే చల్లబడు ఏర్పాటు కలదు. పెద్ద ఆసుపత్రులలో ద్రవ నత్రజనిచే చల్లార్చిన ఐసోపెంటేనులో తునకను ముంచుట మరియొక పద్ధతి; మంచు పలుకులు ఏర్పడకుండ చేయుటలో దీనికి సాటి లేదు. కాని ఐసోపెంటేను అంటుకొనునది, ద్రవ నత్రజని సున్నకు దిగువ 196 డిగ్రీల చలి గలది. తర్ఫీదు పొందినవారే దీనికి పూనుకొనవలెను. క్రొవ్వు తునకలకు పైనున్న క్రొవ్వును ముందే కత్తిరించి, తునకను చిన్నది చేయుటతో సగము కష్టము తీరును. తొందర పుట్టించు టెలిఫోనును ప్రయోగశాలలోని మరియొకరు అందుకొనునట్లు చేయుట కూడ ఒక ఉపాయమే.

స్ప్రే మానినంతమాత్రమున పెట్టె శుభ్రమైనది కాదు. అడుగున రాలిన పొడిని ఊదరాదు, కుంచెతో వేగముగ ఊడ్వరాదు. క్రిమిసంహారక ద్రవములో తడిపిన గుడ్డతో ఎత్తి, అంటువ్యాధి వ్యర్థముగ భావింపవలెను. వారమునకొకమారు యంత్రమును ఆపి, మంచు కరగనిచ్చి, క్షయ క్రిమిని చంపగల మందుతో తుడువవలెను. క్షయ తునక అని తేలిననాడు వారము ముగియువరకు ఆగరాదు. కత్తి మార్చునపుడు ఉక్కు వలతో అల్లిన చేతి తొడుగు ధరింపవలెను. హెపటైటిసును, హెచ్.ఐ.వి.యును శ్వాసకంటె గాయముద్వారానే ఈ గదిలో సోకుటకు వీలెక్కువ. పని సాగునంతవరకు ముఖమునకు ఎన్-95 మాస్కు, కన్నులకు అద్దములు ఉండవలెను.

ఫ్రోజెన్ సెక్షన్ గదిలో పని చేయువారికి రెండు వారములకు మించి దగ్గు నిలిచినను, సాయంకాలపు జ్వరము వచ్చుచున్నను, బరువు తగ్గుచున్నను, తమ పని ఏమో వైద్యునికి చెప్పి పరీక్ష చేయించుకొనవలెను. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షయు, మందులును ఉచితము.

రోగియు, బంధువులును చేయదగిన పని

ఇదంతయు మూసిన తలుపులవెనుక జరుగునది కదా, మనకేమి సంబంధమని సామాన్య పాఠకుడు తలపవచ్చును. సంబంధము కలదు. చిన్నతనమున గండమాల వచ్చి తగ్గినదా, ఇంటిలో ఎవరైనను క్షయ మందులు వాడుచున్నారా, పచ్చకామెరల వైరసు ఉన్నదని ఏ పరీక్షలోనైన తేలినదా అను విషయములు రోగికిని, బంధువులకును మాత్రమే తెలియును. పెండ్లి సంబంధములకు అడ్డువచ్చునను జంకుతోనో, ఎప్పుడో తగ్గిపోయినదిగదాయను తలంపుతోనో వానిని దాచుట మన ఇండ్లలో వాడుక. ఆపరేషనుకు ముందు శస్త్రవైద్యుడు అడిగినను, అడుగకున్నను, ఈ మాటలు ఆయనకు చెప్పవలెను. గడ్డతో పాటు పోవు ఫారముపై ఆ సంగతి వ్రాసియున్నచో, టెక్నీషియన్ తునకను అందుకొనుటకు ముందే తగిన మాస్కు ధరించును. క్రయోస్టాట్‌లో కోయుటకు మారుగ తునకను స్లైడుపై అద్ది చూచు పద్ధతియైనను, రెండు దినములు ఆగి ఫార్మలిన్ దారిన పోవుటయైనను మేలేమో శస్త్రవైద్యుడును, పేథాలజిస్టును కత్తి ఎత్తకముందే ఆలోచించుకొందురు.